వాంగ్ చియెన్‌మింగ్: ఒకే బంతి మీద నిలబడిన కెరీర్

2006లో అమెరికన్ లీగ్‌లో (అమెరికాలోని అత్యున్నత బేస్‌బాల్ పోటీ అయిన మేజర్ లీగ్‌లోని రెండు విభాగాల్లో ఒకటి; రెండోది నేషనల్ లీగ్) అందరికంటే ఎక్కువ విజయాలు సాధించిన పిచర్లు, అంటే బంతి వేసేవారు, ఇద్దరు. ఒకరు మిన్నెసోటా ట్విన్స్ జట్టుకు చెందిన యోహాన్ సాంటానా, రెండోవారు న్యూయార్క్ యాంకీస్ తరఫున ఆడిన తైవాన్ పిచర్ వాంగ్ చియెన్‌మింగ్. ఇద్దరివీ చెరి 19 విజయాలు. అయితే సాంటానా ఆ ఏడాది 245 మందిని స్ట్రైకవుట్ చేయగా (ఫీల్డర్ల సాయం లేకుండా బంతులతోనే బ్యాటర్‌ను అవుట్ చేయడం), వాంగ్ 218 ఇన్నింగ్స్ వేసి 76 మందినే అలా వెనక్కి పంపగలిగాడు. అంటే ఒక పూర్తి మ్యాచ్‌కు సమానమైన తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున ముగ్గురు. ఆధునిక బేస్‌బాల్‌లో అంత తక్కువ స్ట్రైకవుట్లతో అగ్రశ్రేణికి చేరినవారు చాలా అరుదు. ఏటా లీగ్‌లోని ఉత్తమ పిచర్‌కు ఇచ్చే సై యంగ్ అవార్డు ఓటింగ్‌లో సాంటానా ఏకగ్రీవంగా మొదటి స్థానంలో నిలిస్తే, వాంగ్ రెండో స్థానం దక్కించుకున్నాడు.

ఆ తర్వాతి ఏడాది కూడా 19 విజయాలు సాధించిన ఈ పిచర్, 2009 వేసవి నాటికి శస్త్రచికిత్స బల్ల మీద ఉన్నాడు. ఈ పతనానికి కారణంగా అందరూ చెప్పుకునేది ఒకే ఒక్క ఘటన: 2008 జూన్ 15న హ్యూస్టన్‌లో పరుగు తీస్తూ కాలికి చేసుకున్న గాయం. అది అబద్ధం కాదు. కానీ ఆ ఒక్క అడుగుతోనే కథంతా తేల్చేస్తే, అతని విజయం దేని మీద ఆధారపడిందో, మైదానం బయట ఏ నిబంధనలు అతని దారిని నిర్ణయించాయో కనబడకుండా పోతాయి.

ముందుగా అతని బంతి సంగతి చూడాలి. బేస్‌బాల్‌లో సాధారణ ఫాస్ట్‌బాల్ వెనకవైపుకు వేగంగా తిరుగుతూ వెళుతుంది. ఆ భ్రమణం వల్ల గాలి బంతికి కొంత ఊతమిస్తుంది కనుక, గురుత్వాకర్షణ లాగినంతగా అది కిందికి జారదు. వాంగ్ ఆయుధమైన సింకర్‌లో ఈ వెనక భ్రమణం తగ్గి, తిరిగే అక్షం పక్కకు ఒరుగుతుంది. దాంతో బంతి బ్యాటర్ అంచనా వేసుకున్న ఎత్తుకంటే కిందికి దిగడమే కాక, కుడిచేతి పిచర్ వేసినప్పుడు కుడిచేతి బ్యాటర్ శరీరం వైపు జరుగుతుంది. బంతి కుట్ల చుట్టూ గాలి ప్రవహించే తీరు కూడా ఈ కదలికలో పాలు పంచుకుంటుందని ఇటీవలి పరిశోధనలు తేల్చాయి. చాలామంది సింకర్ వేగాన్ని వదులుకుని కదలికను సంపాదిస్తారు. వాంగ్ సింకర్ మాత్రం గంటకు దాదాపు 150 కిలోమీటర్ల వేగంతో వచ్చి, చివరి క్షణంలో బరువైన వస్తువులా కుంగిపోయేది. దాన్ని కొట్టబోయిన బ్యాటర్ బంతి పైభాగాన్నే తాకేవాడు. అది నేలకు కొట్టుకుని నేరుగా ఇన్‌ఫీల్డర్ల (బేస్‌ల దగ్గర నిలబడే ఫీల్డర్ల) చేతుల్లోకి పోయేది. 2006లో అతని బంతులను బ్యాటర్లు కొట్టిన దెబ్బల్లో 60 శాతానికి పైగా ఇలా నేల మీదే దొర్లాయి.

ఈ పద్ధతికి రెండు లాభాలున్నాయి. స్ట్రైకవుట్‌కు కనీసం మూడు బంతులు కావాలి. నేల మీద దొర్లే దెబ్బకు ఒక్క బంతి చాలు. అందువల్ల అలసట తగ్గి ఎక్కువ ఇన్నింగ్స్ వేయవచ్చు. పైగా మొదటి బేస్‌లో (పరుగు కోసం చుట్టి రావలసిన స్థానాల్లో మొదటిది) రన్నర్ ఉన్నప్పుడు ఒకే గ్రౌండ్ బాల్‌తో ఇద్దరిని అవుట్ చేసే అవకాశం దొరుకుతుంది. నష్టం కూడా అంతే స్పష్టంగా ఉంది. బ్యాటర్‌ను తనంతట తాను అవుట్ చేయలేని పిచర్ తన వెనకున్న నలుగురు ఇన్‌ఫీల్డర్ల చేతులకు తన విధిని అప్పగిస్తాడు. ఆనాటి యాంకీస్ ఇన్‌ఫీల్డ్ బ్యాటింగ్‌లో ఎంత ఘనమైనదో ఫీల్డింగ్‌లో అంత ఘనమైనదేమీ కాదు; రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే షార్ట్‌స్టాప్ డెరెక్ జీటర్ ఎంత కదలగలడన్నది అమెరికాలో అప్పటికే ఒక ఎడతెగని వాదం. ఇక సింకర్ దిగవలసిన చోట దిగకుండా ఎత్తులోనే ఉండిపోయిన రోజున వాంగ్ దగ్గర ప్రత్యామ్నాయం పెద్దగా ఉండేది కాదు. అతనికి స్లైడర్, చేంజప్ అనే వేరే రకం బంతులు ఉన్నా, అవి సింకర్‌కు తోడుగా పనికొచ్చినవే తప్ప మ్యాచ్‌ను ఒంటరిగా గెలిపించేవి కావు.

19 అనే సంఖ్యను కూడా కాస్త జాగ్రత్తగా చదవాలి. బేస్‌బాల్‌లో పిచర్ ఖాతాలో విజయం పడాలంటే అతని జట్టు తగినన్ని పరుగులు చేయాలి. 2006లో మేజర్ లీగ్ మొత్తంలో అత్యధిక పరుగులు చేసిన జట్టు యాంకీసే. తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున ఎన్ని పరుగులిచ్చాడో చెప్పే ఈఆర్‌ఏ లెక్కలో వాంగ్ 3.63 దగ్గర నిలిచాడు. అది మంచి సగటే కాని, సాంటానా స్థాయిది కాదు. నా ఉద్దేశంలో వాంగ్ లీగ్‌లోని రెండో ఉత్తమ పిచర్ కాదు; తన బలానికి సరిగ్గా అతికే పద్ధతిని కనుక్కుని, దాన్ని రెండేళ్లపాటు దాదాపు లోపం లేకుండా అమలు చేసిన పిచర్. అది చిన్న విషయమేమీ కాదు. ఎందుకంటే ఆ బంతి అతనికి పుట్టుకతో వచ్చింది కాదు.

1980లో తైవాన్ దక్షిణాన ఉన్న తైనాన్‌లో పుట్టిన వాంగ్, తైపీలోని శారీరక విద్యా కళాశాల విద్యార్థిగా ఉండగా 2000లో యాంకీస్‌తో ఒప్పందం చేసుకున్నాడు. సంతకం చేసినందుకు ముట్టిన మొత్తం దాదాపు 20 లక్షల డాలర్లు. అంతకుముందు తరం వాళ్లకు విదేశం అంటే జపాన్. సీబు లయన్స్‌లో వెలిగిన క్వో తాయ్‌యువాన్ ఆ దారికి నిలువెత్తు ఉదాహరణ. తైవాన్ సొంత వృత్తి లీగ్ 1990లోనే మొదలైనా, 1990ల రెండో సగంలో బయటపడిన జూదగాళ్ల మ్యాచ్ ఫిక్సింగ్ కుంభకోణం ప్రేక్షకులను మైదానాలకు దూరం చేసింది. సరిగ్గా అప్పుడే అమెరికన్ జట్లు ఈ ద్వీపం వైపు చూడసాగాయి. చెన్ చిన్‌ఫెంగ్ 2002లో లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ తరఫున, త్సావో చిన్‌హుయ్ 2003లో కొలరాడో రాకీస్ తరఫున మేజర్ లీగ్‌లో అడుగు పెట్టారు. వాంగ్ మూడోవాడు.

అయితే యాంకీస్‌తో సంతకమైన మరుసటి ఏడాదే అతని కుడి భుజానికి శస్త్రచికిత్స జరిగింది. 2001 సీజన్ మొత్తం పోయింది. తర్వాతి కథలో భుజం మళ్లీ మళ్లీ ఎదురవుతుంది కనుక ఈ వివరాన్ని గుర్తుంచుకోవాలి. కోలుకుని వచ్చాక కూడా అతను ప్రధానంగా మామూలు ఫాస్ట్‌బాల్ మీదే ఆధారపడేవాడు. 2004లో కొలంబస్‌లోని మైనర్ లీగ్ (మేజర్ లీగ్‌కు కింది స్థాయి) జట్టులో ఉన్నప్పుడు పిచింగ్ కోచ్ నీల్ అలెన్, బ్యాటర్ వెనక బంతిని అందుకునే క్యాచర్ శాల్ ఫసానో అతన్ని సింకర్ వైపు మళ్లించారు. ఆ వేసవిలోనే ఏథెన్స్ ఒలింపిక్స్‌లో తైవాన్ తరఫున ఆస్ట్రేలియాను కట్టడి చేశాడు. 2005 ఏప్రిల్ 30న న్యూయార్క్‌లో టొరంటో జట్టుపై మేజర్ లీగ్ అరంగేట్రం జరిగింది. మధ్యలో భుజం నొప్పితో కొన్ని వారాలు పక్కన కూర్చున్నా, ఆ ఏడాది 8 విజయాలు వచ్చాయి.

న్యూయార్క్‌లో సాయంత్రం ఏడు గంటలకు మొదలయ్యే మ్యాచ్ తైవాన్‌లో ఉదయం ఏడు గంటలకు తెర మీద కనిపిస్తుంది. అందుకని వాంగ్ పిచింగ్ చేసే రోజులు తైవాన్‌లో పొద్దుటి వార్తలకూ, కాఫీ కొట్టు కబుర్లకూ, కార్యాలయాలకు ఆలస్యంగా వెళ్లడానికీ కారణమయ్యాయి. పత్రికలు అతనికి ‘తైవాన్ వెలుగు’ అని పేరు పెట్టాయి. 2007లో టైమ్ పత్రిక ప్రపంచంలోని వందమంది ప్రభావశీలుర జాబితాలో అతన్ని చేర్చింది. ఒక పిచర్ మీద ఒక దేశం ఇంతగా ఎందుకు ఆధారపడిందో అర్థం కావాలంటే కొంత వెనక్కి వెళ్లాలి. జపాన్ వలస పాలనలో ఆ ద్వీపానికి వచ్చిన ఈ ఆట, 1969లో తైచుంగ్ బాలుర జట్టు అమెరికాలో లిటిల్ లీగ్ ప్రపంచ టైటిల్ గెలవడంతో జాతీయ ఆటగా స్థిరపడింది. 1969 నుంచి 1996 వరకు తైవాన్ బాలురు ఆ టైటిల్‌ను 17 సార్లు గెలుచుకున్నారు. ఆ మ్యాచ్‌ల కోసం జనం అర్ధరాత్రి లేచి టీవీల ముందు కూర్చునేవారు. అదే కాలంలో, 1971లో, ఐక్యరాజ్య సమితిలో తైవాన్ ప్రభుత్వ స్థానం పోయింది. అంతర్జాతీయ క్రీడల్లో సొంత పేరు, సొంత జెండా లేకుండా ‘చైనీస్ తైపీ’గా ఆడవలసిన పరిస్థితి వచ్చింది. ఆ దేశపు 500 డాలర్ల నోటు మీద ఈనాటికీ ఉన్నది సంబరపడుతున్న బాలుర బేస్‌బాల్ జట్టు బొమ్మే. ఇలాంటి చోట, న్యూయార్క్‌లోని అతి పేరున్న జట్టులో పేరూ ఊరూ చెప్పుకోగలిగిన ఒక మనిషి నిలబడటం ఆటను మించిన సంగతి అయింది.

ఆ భారం అతని మాటల్లో ఎప్పుడూ పెద్దగా కనబడలేదు; అతను మితభాషి. మైదానంలో మాత్రం ఒకసారి ఆట బోల్తా పడింది. 2007 ప్లేఆఫ్స్‌లో క్లీవ్‌ల్యాండ్‌పై మొదటి మ్యాచ్‌లో 8 పరుగులు, తక్కువ విశ్రాంతితో వేసిన నాలుగో మ్యాచ్‌లో మరో 4 పరుగులు ఇచ్చాడు. రెండు మ్యాచ్‌లకూ కలిపి ఆరు ఇన్నింగ్స్ కూడా పూర్తి కాలేదు, యాంకీస్ సిరీస్ కోల్పోయింది. సింకర్ దిగకపోతే ఏమవుతుందో అందరూ చూసిన సందర్భం అదే. అయినా 2008 ఆరంభంలో అతను తన 85వ స్టార్ట్‌లోనే (మొదటి నుంచి తానే పిచింగ్ చేసిన మ్యాచ్) 50వ విజయం అందుకున్నాడు. అంత వేగంగా ఆ సంఖ్యకు చేరిన పిచర్ 1980లలో డ్వైట్ గూడెన్ తర్వాత మరొకరు లేరు.

ఇక హ్యూస్టన్. క్రికెట్‌లో బౌలర్‌కు బ్యాటింగ్ రాకపోయినా పదకొండో స్థానంలోనైనా ప్యాడ్లు కట్టుకోవాలి. బేస్‌బాల్‌లో 1973 నుంచి అమెరికన్ లీగ్ ఈ బాధ్యతను తీసివేసి, పిచర్ బదులు బ్యాటింగ్ మాత్రమే చేసే డెజిగ్నేటెడ్ హిట్టర్‌ను అనుమతించింది. నేషనల్ లీగ్ మాత్రం అప్పటికి పాత పద్ధతినే పట్టుకుని ఉండేది. రెండు లీగుల జట్లు తలపడినప్పుడు ఆతిథ్య జట్టు లీగ్ నిబంధనే చెల్లేది. 2008లో హ్యూస్టన్ ఆస్ట్రోస్ నేషనల్ లీగ్‌లో ఉంది. కాబట్టి సంవత్సరం పొడవునా బ్యాట్ ముట్టని యాంకీస్ పిచర్లు హ్యూస్టన్‌లో ఆడిన ఆ మూడు రోజులు బ్యాటింగ్‌కు దిగాల్సి వచ్చింది. జూన్ 15న ఐదు ఇన్నింగ్స్‌లో ఒక్క పరుగూ ఇవ్వని వాంగ్, ఆరో ఇన్నింగ్స్‌లో బంట్ చేసి (బంతిని మెల్లగా తట్టి) బేస్ చేరాడు. తర్వాత జీటర్ దెబ్బకు మూడో బేస్ చుట్టి, పరుగు పూర్తయ్యే చోటైన హోమ్ ప్లేట్ వైపు పరుగెడుతూ కుంటడం మొదలుపెట్టాడు. యాంకీస్ ఆ మ్యాచ్‌ను 13-0తో గెలిచింది. అతని కుడి పాదం మధ్యలోని లిస్‌ఫ్రాంక్ లిగమెంట్ దెబ్బతిన్నది, పక్కనే ఉన్న ఒక స్నాయువు కొంత చిరిగింది. సీజన్ అక్కడితో ముగిసింది.

యాంకీస్ యజమాని కుటుంబానికి చెందిన హాంక్ స్టైన్‌బ్రెన్నర్, నేషనల్ లీగ్ ఇకనైనా ఇరవై ఒకటో శతాబ్దంలోకి రావాలని విరుచుకుపడ్డాడు. అప్పట్లో అది ఆగ్రహంతో చేసిన మాటగానే కనబడింది. హ్యూస్టన్ 2013లో అమెరికన్ లీగ్‌కే మారిపోయింది. 2022లో రెండు లీగుల్లోనూ డెజిగ్నేటెడ్ హిట్టర్ వచ్చేశాడు. వాంగ్ కాలికి గాయం కాకపోయినా ఈ మార్పు వచ్చేదే, కానీ పిచర్ల గాయాల వాదన సాగిన ప్రతిసారీ అతని పేరు ఉదాహరణగా వచ్చింది.

పాదం గాయం నయమైతే పిచర్ తిరిగి రావాలి కదా అన్నది సహజమైన ప్రశ్న. ఇక్కడే చాలామంది కథనం తొందరపడుతుంది. కుడిచేతి పిచర్ బంతి వేసేటప్పుడు కుడి పాదంతోనే మౌండ్‌ను (పిచర్ నిలబడే మట్టిదిబ్బను) బలంగా తన్ని ముందుకు వస్తాడు. ఆ తన్నుడులో పుట్టిన శక్తి కాలు నుంచి తుంటికి, తుంటి నుంచి నడుముకు, అక్కడి నుంచి భుజానికి, చేతికి ప్రవహిస్తుంది. బంతి వదిలే ముందు భుజం సెకనుకు 7000 డిగ్రీలకు పైగా వేగంతో తిరుగుతుంది. మనిషి శరీరం చేసే అతి వేగవంతమైన కదలికల్లో ఇదొకటి. కింది భాగాలు ఇవ్వవలసిన శక్తిలో ఏ కాస్త తగ్గినా, అది భుజం మీద పడుతుంది. వాంగ్ పాదానికి ఆపరేషన్ అవసరం పడలేదు గాని, నెలల తరబడి కాలు కదలకుండా ఉంచడంతో ఆ శీతాకాలమంతా మామూలు వ్యాయామం సాగలేదు. 2009 ఏప్రిల్‌లో మొదటి మూడు మ్యాచ్‌లలో ఆరు ఇన్నింగ్స్ వేసి 23 పరుగులు ఇచ్చాడు, ఈఆర్‌ఏ 34.50. అప్పుడు పరీక్షించిన వైద్యులకు అతని తుంటి కండరాలు బలహీనపడి ఉన్నాయని తెలిసింది. అంటే అతను బరిలోకి దిగే నాటికి పునాది సిద్ధంగా లేదు. సింకర్ వేగం తగ్గింది, దిగడం తగ్గింది, భుజం ఆ లోటును పూడ్చబోయింది. జూలై 4న మ్యాచ్ మధ్యలో భుజం పట్టుకుని బయటికి వచ్చాడు. జూలై 29న డాక్టర్ జేమ్స్ ఆండ్రూస్ అతని భుజం క్యాప్సూల్‌కు శస్త్రచికిత్స చేశాడు.

మోచేతి లిగమెంట్ తెగితే చేసే టామీ జాన్ శస్త్రచికిత్స తర్వాత చాలామంది పిచర్లు మునుపటిలా తిరిగివస్తారు. భుజం కీలును చుట్టి ఉండే క్యాప్సూల్ చిరిగితే అలాంటి హామీ ఏదీ లేదు. 2006లో వాంగ్‌ను దాటి సై యంగ్ గెలిచిన సాంటానాకు కూడా 2010లో ఇదే క్యాప్సూల్ శస్త్రచికిత్స జరిగింది. 2012లో ఒక నో-హిట్టర్ (ప్రత్యర్థికి ఒక్క హిట్ కూడా ఇవ్వని మ్యాచ్) వేసి, మరుసటి వసంతంలో అదే క్యాప్సూల్ మళ్లీ చిరిగి మేజర్ లీగ్‌కు శాశ్వతంగా దూరమయ్యాడు. 2001 నాటి శస్త్రచికిత్సతో కలిపితే వాంగ్ భుజానికి ఇది రెండోది. అందుకే నాకు హ్యూస్టన్ గాయం మూలకారణంగా కాక, అప్పటికే బలహీనంగా ఉన్న చోటును వెతుక్కున్న కారణంగా కనిపిస్తుంది. ఆ రోజు అతను పరుగెత్తకపోయి ఉంటే మరికొన్ని మంచి సీజన్లు దక్కి ఉండేవి. కాని భుజం పదేళ్లు మోసి ఉండేదని నమ్మకంగా చెప్పలేము.

ఇక డబ్బు లెక్క. మేజర్ లీగ్‌లో ఆటగాడు స్వేచ్ఛగా జట్టు మారాలంటే ఆరేళ్ల సర్వీసు నిండాలి. మొదటి మూడేళ్లూ జట్టు దాదాపు కనీస వేతనమే ఇవ్వవచ్చు. తర్వాత మూడేళ్లు మధ్యవర్తిత్వం ద్వారా వేతనం తేలుతుంది. 19 విజయాల రెండు సీజన్లకు వాంగ్‌కు దక్కింది రెండింటికీ కలిపి పది లక్షల డాలర్ల లోపే. 2008 ఫిబ్రవరిలో అతను 46 లక్షల డాలర్లు అడిగితే, జట్టు 40 లక్షలు ఇస్తానంది. మధ్యవర్తులు జట్టు మాటకే మొగ్గు చూపారు. 2009 వేతనం 50 లక్షలు. మధ్యవర్తిత్వ హక్కున్న ఆటగాడిని అట్టే పెట్టుకోవాలంటే జట్టు అతని వేతనంలో ఇరవై శాతానికి మించి కోత పెట్టలేదు. అంటే భుజం కోయించుకుని, తర్వాతి సీజన్‌లో ఆడతాడో లేదో తెలియని పిచర్‌కు కనీసం 40 లక్షలు. 2009 డిసెంబర్‌లో యాంకీస్ ఆ ప్రతిపాదనే పంపలేదు. వాంగ్ ఏ జట్టూ లేని ఆటగాడయ్యాడు. అదే శరదృతువులో జట్టు మేజర్ లీగ్ టైటిల్ పోరు అయిన వరల్డ్ సిరీస్ గెలిచి ఉండటం తైవాన్ అభిమానులకు మరింత చేదుగా తోచింది. ఇందులో యాంకీస్ చేసిన నియమ విరుద్ధమైన పనేమీ లేదు. వ్యవస్థ కట్టిన తీరే అలాంటిది. పిచర్ శరీరం అత్యుత్తమంగా పనిచేసే ఏళ్లన్నీ చౌకగా జట్టు ఖాతాలోకి పోతాయి. ఆటగాడు తన ధర తానే చెప్పుకునే రోజు వచ్చేసరికి భుజం మిగిలి ఉంటుందో లేదో అదృష్టం.

తర్వాతి ఏడేళ్లు తిరుగుళ్లే. వాషింగ్టన్ నేషనల్స్ 20 లక్షల డాలర్లకు తీసుకుంది. 2010 అంతా ఆడలేదు. శస్త్రచికిత్స జరిగి సరిగ్గా రెండేళ్లకు, 2011 జూలై 29న, మళ్లీ మేజర్ లీగ్ మౌండ్ ఎక్కాడు. అక్కడ రెండు సీజన్లలో ఆరు విజయాలు. 2013లో టొరంటోలో ఆరు మ్యాచ్‌లు. ఆపై లూయివిల్, షార్లెట్, గ్విన్నెట్, టకోమా వంటి మైనర్ లీగ్ పట్టణాలు, ఒక దశలో మేరీల్యాండ్‌లో ఏ పెద్ద జట్టుతోనూ సంబంధం లేని స్వతంత్ర లీగ్. తైవాన్ లీగ్ ఎప్పుడూ తలుపు తెరిచే ఉంచింది, అక్కడికి వెళితే రాజభోగం. అయినా అతను బస్సు ప్రయాణాలనే ఎంచుకున్నాడు. దీన్ని మొండితనమనేవారూ ఉన్నారు, నాకు మాత్రం వృత్తి మీద మమకారమనే అనిపిస్తుంది.

ఆ తిరుగుళ్ల మధ్యనే అతని కెరీర్‌లోని అతి గొప్ప మ్యాచ్‌లలో ఒకటి జరిగింది, అదీ మేజర్ లీగ్‌లో కాదు. యాంకీస్‌లో ఉన్నన్నాళ్లూ దేశాల మధ్య జరిగే 2006, 2009 వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్ పోటీలకు దూరంగా ఉన్న వాంగ్, 2013లో జాతీయ జట్టులో చేరాడు. తైచుంగ్‌లో ఆస్ట్రేలియాపై ఆరు ఇన్నింగ్స్ పరుగివ్వకుండా వేశాడు. మార్చి 8న టోక్యో డోమ్‌లో, అప్పటికి రెండు సార్లూ టైటిల్ గెలిచిన జపాన్‌పై మళ్లీ ఆరు ఇన్నింగ్స్, మళ్లీ సున్నా. వేగం తగ్గింది, సింకర్ మాత్రం దిగింది. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఇంకొక్క అవుట్ తీస్తే తైవాన్ గెలిచేది. జపాన్ స్కోరు సమం చేసి పదో ఇన్నింగ్స్‌లో 4-3తో నెగ్గింది. ఓడినా ఆ రాత్రి తైవాన్‌లో బేస్‌బాల్‌కు మళ్లీ ప్రాణం పోసింది. కుంభకోణాలతో ఖాళీ అయిన స్టేడియాలు ఆ ఏడాదే నిండటం మొదలైంది.

ఆ తర్వాత అమెరికాలోని ఒక శిక్షణ కేంద్రంలో తన పిచింగ్ కదలికలను మొదటి నుంచి తిరిగి కట్టుకున్నాడు. పడిపోయిన వేగం మళ్లీ 145 కిలోమీటర్లు దాటింది. 2016లో, 36 ఏళ్ల వయసులో, అంతకుముందు ఏడాది వరల్డ్ సిరీస్ గెలిచిన కాన్సస్ సిటీ రాయల్స్ జట్టులో చోటు సంపాదించి, మ్యాచ్ మధ్యలో దిగే రిలీఫ్ పిచర్‌గా 38 మ్యాచ్‌లు ఆడాడు. ఆరు విజయాలు, ఓటమి లేదు. సెప్టెంబర్‌లో జట్టు వదిలించుకుంది. మేజర్ లీగ్‌లో అతని మొత్తం లెక్క 68 విజయాలు, 34 ఓటములు, ఈఆర్‌ఏ 4.36. ఆ 68లో 54 హ్యూస్టన్ మ్యాచ్ ముగిసేసరికే వచ్చినవి. మిగిలిన 14కు ఎనిమిదేళ్లు పట్టింది.

అతని తర్వాత అమెరికాలో ఎక్కువ కాలం నిలిచిన తైవాన్ పిచర్ చెన్ వెయ్‌యిన్ వేరే దారిలో వచ్చాడు. ముందు జపాన్‌లోని చునిచి డ్రాగన్స్‌లో పాతుకుపోయి, 2009లో సెంట్రల్ లీగ్‌లోనే అత్యుత్తమమైన 1.54 ఈఆర్‌ఏ సాధించి, 2012లో ఓ అనుభవజ్ఞుడిగా బాల్టిమోర్ ఓరియోల్స్‌తో చేరాడు. స్వేచ్ఛగా ధర చెప్పుకునే అవకాశం త్వరగా రావడంతో 2016 జనవరిలో మయామీ మార్లిన్స్ నుంచి ఐదేళ్లకు 8 కోట్ల డాలర్ల ఒప్పందం పొందాడు. ఆ ఒప్పందంలో ఎక్కువ భాగం మోచేతి గాయాలతోనే గడిచింది, 59 విజయాల దగ్గర అతని లెక్క ఆగిపోయింది. అయినా డబ్బు మాత్రం చేతికొచ్చింది. తక్కువ గెలిచిన చెన్‌కు, ఎక్కువ గెలిచిన వాంగ్‌కు మధ్య వేతనాల్లో ఉన్న అగాధానికి ప్రతిభ కారణం కాదు, ఏ వయసులో ఏ తలుపు గుండా ప్రవేశించారన్నదే కారణం. ఇప్పుడు తైవాన్‌లో ఫుబోన్ గార్డియన్స్, సీటీబీసీ బ్రదర్స్ సంస్థల్లో వాంగ్ కోచ్‌గా తీర్చిదిద్దిన కుర్ర పిచర్ల ముందు కూడా ఇదే ప్రశ్న ఉంది: పద్దెనిమిదేళ్లకే అమెరికా మైనర్ లీగుల్లోకి వెళ్లడమా, సొంత లీగ్‌లోనో జపాన్‌లోనో పేరు తెచ్చుకుని ఆ తర్వాత వెళ్లడమా అని.